మానిటర్ కొట్టెయ్, అమ్మమ్మని ఉంచు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ అంది పదిహేను రోజులైంది. మూడో పేజీలోనే కోపం వచ్చి పక్కన పడేశాను. మొన్న రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీశాను కాబట్టి ఈ ఉత్తరం.

1953, వడపళని, స్టూడియో ఫ్లోరు. హీరోయిన్ ఏడుస్తోంది. డైరెక్టరుగారు మానిటర్లో చూసుకుని ‘కట్’ చెప్పారని రాశావు. ఏ మానిటరమ్మా? అప్పుడు కెమెరాకి కన్ను ఆనించినవాడొక్కడికే బొమ్మ కనపడేది. మిగతావాళ్ళు చూడాలంటే ఫిల్ము ల్యాబులో కడిగి రషెస్, అంటే తీసిన ముక్కలు, తెర మీద వెయ్యాలి. డైలాగు చాలావరకు సెట్ మీదే రికార్డు చేసేవాళ్ళు, అందుకని టేక్ అనగానే ఫ్యాన్లు ఆపేసేవాళ్ళు. ఆ లైట్ల వేడికి నువ్వు రెండు పేజీలు వర్ణించిన కన్నీటిబొట్టులో సగం చెమటే అయ్యుంటుంది. ఇదంతా నేను కళ్ళారా చూసిందేం కాదు. నేను మద్రాసు రైలెక్కింది 1966లో. కానీ అవన్నీ చూసినవాళ్ళ దగ్గర పని చేశాను.

‘స్వర్ణయుగం’ అన్న మాట కథలో ఏడుసార్లుంది. లెక్కపెట్టాను. ‘ఆణిముత్యం’ మూడుసార్లు. ఇది నీ తప్పు కాదులే. ఏడాదికోసారి ప్రత్యేక సంచిక వేసి, అవే నాలుగు ఫొటోలు అచ్చేసి, ‘ఆ రోజులే వేరు’ అనే సంపాదకులు నేర్పిన జబ్బు. ఏం వేరో ఒక్కడూ చెప్పడు. సినిమా తార జీవితమంటే తాగుడూ ఏడుపూ తప్ప ఇంకేం లేనట్టు రాయడం ఇప్పటి ఫ్యాషన్ కూడాను. నువ్వు పేరు మార్చినా ఆవిడెవరో తెలిసిపోతూనే ఉంది. ఆవిణ్ణి వదిలెయ్. చాలామంది వాడేసుకున్నారు.

తొమ్మిదో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. నీ కథ చెప్పే పిల్లకి ఒక అమ్మమ్మ ఉంది. ఊళ్ళోకి టూరింగ్ టాకీసు వస్తే నేల టికెట్టుకి కూడా డబ్బుల్లేక, చంకలో పిల్లాణ్ణేసుకుని డేరా బయట కాలవగట్టు మీద కూర్చుని సినిమా వినేది. మాయాబజార్ ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు, కానీ మాటలన్నీ నోటికొచ్చు. ఇది నువ్వు రెండే వాక్యాల్లో రాసి, మళ్ళీ మద్రాసు వెళ్ళిపోయి ఆ హీరోయిన్ని ఏడిపించావు. ఏం తొందరమ్మా నీకు?

నలభై ఏళ్ళుగా నేను ఒకటే మాట చెబుతున్నాను, వినేవాళ్ళు తగ్గిపోయారు. ఆ కాలపు తెలుగు సినిమాని చెవితో రాశారు. 1938లో మాలపిల్లకి తాపీ ధర్మారావు గారు వాడుక భాషలో మాటలు రాశారంటే, అది చెవి మీద గౌరవం. మాయాబజార్‌కి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు నాటకాల నుంచి వచ్చినవారు. చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడకపోతే నాటకం పోయినట్టే. తర్వాత రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం అని గంటసేపు సినిమా ఉత్త సౌండే వేస్తే ఊరంతా కూర్చుని వినేది. బొమ్మ లేకుండా గంటసేపు! ఇప్పటి సినిమాని అలా వేసి చూడు. పేలుళ్ళు, మధ్యమధ్యలో మూలుగులు.

ఇంకో సంగతి, డబ్బులది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. ముడిఫిల్ము దొరకడమే కష్టం. యుద్ధకాలంలోనైతే సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వమే హద్దు పెట్టింది. మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి గారు షూటింగుకి ముందే సీను చదివించి, స్టాప్ వాచీ పట్టుకుని, ఎన్ని నిమిషాలో ఎన్ని అడుగులో లెక్క తేల్చుకునేవారని మద్రాసులో కథలుగా చెప్పుకునేవాళ్ళు. నీ హీరోయిన్ అయిదో పేజీలో ఇచ్చిన ఉపన్యాసం నేనూ గడియారం పెట్టుకుని పైకి చదివాను. నాలుగు నిమిషాలు. 360 అడుగులు. వెయ్యడుగుల రీలులో మూడోవంతు దాటిపోయింది. ఏ నిర్మాత ఊరుకుంటాడు?

నా విషయంలోనూ ఊరుకోలేదు. నేను ఒక పెద్ద రచయిత దగ్గర ఘోస్టుగా, అంటే ఆయన పేరు మీద రాసిపెట్టేవాడిగా, చేరాను. పేరెందుకు, పోయారు. నెలకి అరవై రూపాయలు, అదీ అడిగితే. మొదటి సీను నాలుగు రాత్రులు కూర్చుని రాసి పట్టుకెళ్ళాను. ఆయన కాగితం ముట్టుకోలేదు. ‘తలుపు అవతల నిలబడి చదవరా’ అన్నారు. అవతల వంటిల్లు. ఆయన భార్య పోపు వేస్తున్నారు. ఆ చప్పుళ్ళలో నేను గొంతు చించుకుని చదివాను. లోపల్నుంచి ఒక్కటే మాట: ‘ఎవరు ఎవరితో అంటున్నార్రా?’ అన్ని పాత్రలూ నాలాగే మాట్లాడుతున్నాయని అప్పుడు తెలిసింది. వీధిలోకొచ్చి ఏడ్చాను. ఆవిడ పిలిచి ఉప్మా పెట్టారు. ఆ సీనులో నాలుగు ముక్కలు సినిమాలో ఉన్నాయి, తెర మీద నా పేరు లేదు. తర్వాత ఇదంతా కథగా రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు ‘మాటలే ఉన్నాయి, శిల్పం ఏదీ?’ అని తిప్పి పంపాడు. ఆ పత్రికా లేదు, ఆ శిల్పం ఏమైందో తెలీదు.

సరే, మీ అమ్మమ్మ దగ్గరికొద్దాం. నీ కథలో అమ్మమ్మే అనుకో, ఏదైతేనేం. నేను మాయాబజార్ డేరా లోపల చూసినవాణ్ణి. పదమూడేళ్ళు నాకు. ఇసక కుప్ప చేసుకుని దాని మీద కూర్చున్నాను. ఒకటే ప్రొజెక్టరు, రీలు అయిపోయినప్పుడల్లా లైటేసేవాళ్ళు. బయట ఆయిల్ ఇంజను ఢకఢకమంటుంటే దాని మీంచి మాటలు వినాలి. మాయా శశిరేఖ నిజానికి ఘటోత్కచుడన్న సంగతి బయటున్న ఆవిడకి తెలిసే ఉంటుంది, ఎందుకంటే సుశీల గారు పాడుతుంటే మధ్యలో ఘంటసాల గారి మగగొంతు దూరుతుంది. చెవికి అంతకన్నా ఏం కావాలి? కెమెరామన్ బార్‌ట్లీ గారి వెన్నెల ఆవిడ చూడలేదు. కాలవగట్టు మీద నిజం వెన్నెల ఉండే ఉంటుంది.

కానీ అందులో మాయ మంచం గిల్పం, మాయ తివాచీ గింబళి? అక్కడ మాట పేరు చెప్పి ఊరుకుంటుంది, తర్వాత పని అంతా బొమ్మదే. కంబళిలాంటిదేదో జనాన్ని తిప్పలు పెడుతుంటే డేరా లోపల మేం ఇసకలో పడి దొర్లాం. బయట ఆవిడకి నవ్వులొక్కటే వినపడ్డాయి. లోపల మూడొందల మంది ఎందుకు నవ్వుతున్నారో తెలీక, చంకలో పిల్లాడితో, ఆవిడ ఏమనుకుంది? ఆవిడా నవ్విందా? గింబళి అంటే ఏమనుకుంది, ఇన్నేళ్ళూ?

నా సిద్ధాంతానికి ఇక్కడ చిల్లు పడింది, ఒప్పుకుంటున్నాను. మొన్న రాత్రి నీ కథ చదివాక కూడా నిద్ర పట్టనిది ఇందుకే.

కథతో పాటు, వెబ్ సిరీస్‌కి రాయాలా, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. నాకు తెలీదు. మూడో ప్రశ్న అక్షరాలు చిన్నవి, నా కళ్ళకి ఆనలేదు. అమ్మమ్మ నిజంగా ఉండి, ఇంకా ఉన్నట్టయితే, ఈ ఆదివారం ఫోన్ చేసి గింబళి సంగతి అడుగు. ఏమన్నదో ఆవిడ మాటల్లోనే రాసి పంపు. ఈసారి పెద్ద అక్షరాల్లో.

ఉంటాను.