అత్తగారింట్లో మొదటి క్రిస్మస్‌కి తెల్లచీర: ఏది కొనాలి, ఎలా కుట్టించాలి, ఎలా కట్టాలి

మీ ప్రశ్న ఇది: పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్, అత్తగారిది తెనాలి వైపు పల్లె, తెల్లచీర కట్టుకోమన్నారు. 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధన, 25 ఉదయం మళ్లీ ఆరాధన, మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. ఏ చీర కొనాలి, ముసుగు జారకుండా ఎలా, నాలుగేళ్ల మేనకోడలికి ఏం కుట్టించాలి అని అడిగారు. నేను జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. డిసెంబరంతా నా మిషను మీద ఉండేవి ఈ బట్టలే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

మీ పుట్టింటివాళ్లు తెల్లచీర అనగానే నొచ్చుకున్నారని రాశారు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తెలుపు పెళ్లికూతురి రంగు, బాప్తిస్మానికి కట్టే రంగు. మీ అత్తగారు మిమ్మల్ని తమలో కలుపుకోవాలనే అలా చెప్పి ఉంటారు. రంగు అంచున్న తెల్లచీర తీసుకుంటే రెండిళ్లవాళ్లకీ బాగుంటుంది.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఏ తెలుపు అన్నది. చలవ చేసిన పాలతెలుపు ఒకటి, చలవ చేయని కోరా రంగు ఇంకొకటి, మీగడ రంగు మరొకటి. మిల్లు బట్టల్లో మెరుపు కోసం మందు కలుపుతారు, అవి పగటి వెలుతురులో నీలంగా మెరుస్తాయి. కోరా చీర మీదకి అలాంటి తెల్ల జాకెట్టు వేస్తే, కొత్త చీర కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కొట్లో లైట్ల కింద ఈ తేడా తెలియదు. చీర, జాకెట్టు ముక్క రెండూ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. చీరతో వచ్చిన ముక్కతోనే కుట్టిస్తే ఈ చిక్కే లేదు.

ఎర్ర జాకెట్టు వేయాలనుకుంటే రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. ముక్కలో ఒక మూల తడిపి, మీద తెల్ల జేబురుమాలు పరిచి వేడి ఇస్త్రీపెట్టె అదమండి. రుమాలుకి రంగు అంటితే చంకల కింద చెమటకి కూడా దిగి తెల్లపైటకి అంటుతుంది. రెండు మూడుసార్లు చల్లటి నీళ్లలో జాడించి మళ్లీ చూడండి, ఇంకా దిగుతుంటే ఆ బట్ట మానేయండి. ఉప్పు వేస్తే నిలుస్తుందంటారు గానీ, ఇప్పటి మిల్లు రంగుల్ని ఉప్పు ఆపలేదు. ఇక ఎరుపు, ఆకుపచ్చ, బంగారు మూడూ ఒకే ఒంటి మీద వేయకండి. తెలుపుకి తోడు ఒక్క రంగు చాలు, నా మటుకు మెరూన్ అన్నిటికన్నా నిండుగా ఉంటుంది.

బట్ట విషయానికొస్తే, మీకు నా సలహా మంగళగిరి నూలు చీర, సన్న జరీ అంచుది. మీ అత్తగారి ఊరికి దగ్గర కూడా, మగ్గాలున్న చోటే కొనుక్కోవచ్చు. ఒళ్లంతా సాదాగా ఉండి అంచులోనే అందమంతా ఉండే చీర అది. నేత దిట్టంగా ఉంటుంది కాబట్టి వెలుతురులో లోపలిది కనిపించదు. నూలు కాబట్టి తల మీద నిలుస్తుంది. వెంకటగిరి చీర ఇంకా సన్నని నూలుతో నేస్తారు, ఒంటి మీద పువ్వులా తేలిగ్గా ఉంటుంది. కానీ తెల్లదైతే పలచగా కనిపిస్తుంది, లోలంగా విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. 25 ఉదయానికి చాలా నిండుగా ఉంటుంది గానీ ఆ పట్టు కొంగు బరువుకి ముసుగు వెనక్కి జారుతూనే ఉంటుంది. జార్జెట్, షిఫాన్, ఆర్గంజా, నెట్ మాత్రం 24 రాత్రికి వద్దు. కారణం కింద చెబుతాను.

లోలంగా తెల్ల పాప్లిన్‌ది, ఆరు కలీలది (ఆరు ముక్కలు కలిపి కుట్టేది) కుట్టించుకోండి. చీర అంచుకన్నా ఒక్క అంగుళం పైకి ఉండాలి. పొట్టిగా ఉంటే అది ఆగిన చోట అడ్డగీత కనిపిస్తుంది. ఒంటికి అతుక్కునే సాగే లంగాలు ఇప్పుడు అందరూ వాడుతున్నారు, నిలబడితే చీర చక్కగా కూర్చుంటుంది. కానీ పల్లె చర్చిల్లో చాలాచోట్ల చాపల మీద బాసింపట్టు వేసుకుని రెండు గంటలు కూర్చోవాలి. మోకాళ్ల దగ్గర పట్టేసి లేచేటప్పుడు కుచ్చిళ్లు ఊడొస్తాయి. లోపలి బట్టలు ఒంటిరంగువి వేసుకోండి, తెల్లబట్ట కింద తెల్లవే ఎక్కువ కనిపిస్తాయి. అన్నీ కట్టుకున్నాక గది చీకటి చేసి, వెనక నుంచి ఎవరినైనా ఫ్లాష్ వేసి ఫొటో తీయమనండి. అద్దంలో తెలియనిది అందులో తెలుస్తుంది.

జాకెట్టుకి ఎనభై సెంటీమీటర్ల ముక్క మోచేతి దాకా చేతులకి మామూలుగా సరిపోతుంది, లావుగా ఉంటే మీటరు తీసుకోండి. లైనింగు ఒక మీటరు నూలుది. కుట్టకముందు రెండూ కనీసం రెండు గంటలు నీళ్లలో నానేసి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. లైనింగు నానేయకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది, దాన్ని తర్వాత ఏ ఇస్త్రీ సరిచేయలేదు.

చంక దగ్గర ఒక విషయం టైలరుకి నోరు విప్పి చెప్పాలి. స్తుతి పాటల్లో చేతులు పైకెత్తుతారు. చంక కోత లోతుగా ఉంటే చెయ్యెత్తగానే జాకెట్టు మొత్తం పైకి లేచి నడుము కనిపిస్తుంది. వదులుగా కుడితే చెయ్యి ఆడుతుందనుకుని చాలామంది లోతు పెంచమంటారు, జరిగేది అందుకు విరుద్ధం. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉండాలి, కావలసిన వదులు చేతి చుట్టుకొలతలో ఇవ్వాలి. మోచెయ్యి మడిచి దండచెయ్యి చుట్టూ కొలిచి ఒక అంగుళం కలిపితే చాలు. లోపల రెండు పక్కలా అంగుళం బట్ట వదలమనండి, ఏడాదిలో ఒళ్లు మారినా కుట్టు విప్పుకోవచ్చు. వేసుకుని చూసేటప్పుడు ఊరికే నిలబడి చూడకండి. రెండు చేతులూ ఎత్తండి, నేల మీద కూర్చోండి, ముందుకి వంగండి.

టైలరుకి నవంబరులోనే ఇచ్చేయండి. డిసెంబరులో క్రిస్మస్, వెనకే సంక్రాంతి, ఎవరి దగ్గర చూసినా మూటలే. 23న చేతికొచ్చిన జాకెట్టులో తేడా ఉంటే సరిచేసే వ్యవధి ఉండదు.

ఇప్పుడు ముసుగు. అలవాటు లేనివాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. మామూలుగా పైట మోకాలి వెనక దాకా వదులుతాం. ముసుగు వేయాలంటే దానికన్నా ఒక జానెడు ఎక్కువ వదలండి, కుచ్చిళ్లలో ఒకటి తగ్గినా ఏం కాదు. పైట మొత్తాన్ని సన్నగా మడతలు పెట్టి భుజం మీద గట్టిగా పిన్నీసు గుచ్చేస్తే, తల మీదకి లాగినప్పుడల్లా భుజం దగ్గర బట్ట చిరిగేలా లాగుతుంది. కొత్త మంగళగిరి చీరల్లో కూడా ఇలా నేత జరిగి కన్నాలు పడతాయి. అందుకని ఒంటిపొర పైట వేయండి. మెడ వైపు అంచుని వదిలేసి, భుజం చివర వైపు ఉన్న బట్టని మాత్రం రెండు మూడు మడతలు చేసి, కాస్త వెనక్కి, జాకెట్టు లోపలి వైపు నుంచి పిన్నీసు పెట్టండి. పిన్నీసుకీ చీరకీ మధ్య చిన్న గుడ్డముక్క ఉంచితే నేత చెడదు. వదిలేసిన అంచుని వెనక నుంచి తల మీదకి తెచ్చుకోవాలి. అంచు నుదుటికి ఆనకూడదు, నడినెత్తికి కాస్త ముందు ఆగితే చాలు. చెవుల వెనక రెండు నల్ల హెయిర్‌పిన్నులు పెడితే ప్రార్థనలో తల వంచినా జారదు. జుట్టుకి ఆ రోజు నూనె ఎక్కువ పెట్టకండి, నునుపుకి జారడమే కాదు, తెల్లబట్ట మీద మరక పడుతుంది.

పూలు, నగల సంగతి సంఘాన్ని బట్టి ఉంటుంది. బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది నగలు, పూలు పెట్టుకోరు. కేథలిక్, సీఎస్ఐ, లూథరన్ చర్చిల్లో సాధారణంగా పట్టింపు తక్కువ. మీ అత్తగారినే అడగండి, అడిగితే ఆవిడ సంతోషిస్తారు. పూలు పెట్టుకునేటట్టయితే తడి ఆరాకే పెట్టుకోండి, లేకపోతే ముసుగుకి పచ్చటి మచ్చ పడుతుంది.

కొవ్వొత్తుల సమయంలో లైట్లు ఆర్పేస్తారు, పక్కవాళ్ల కొవ్వొత్తి నుంచి మీది వెలిగించుకుంటారు. అప్పుడు అందరూ ముందుకి వంగుతారు, వేలాడే పైట సరిగ్గా మంట ఎత్తులోకి వస్తుంది. పాలిస్టర్ జార్జెట్, నైలాన్ నెట్ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి, కాలిన గాయం లోతుగా అవుతుంది. నూలు అతుక్కోదు గానీ అదీ త్వరగానే మండుతుంది, నిశ్చింతగా ఉండడానికి లేదు. లైట్లు ఆర్పకముందే పైట చివరని కుడిచేతి కిందుగా ముందుకి తెచ్చి నడుము దగ్గర దోపుకోండి. కొవ్వొత్తికి కాగితం కప్పు అడుగున కన్నం చేసి తొడిగితే మైనం చేతి మీద, చీర మీద పడదు. రంగు కొవ్వొత్తి వద్దు, తెల్లదే పట్టుకోండి. మైనం పడితే రుద్దకండి. గట్టిపడనిచ్చి చెంచా అంచుతో గీకి, పైనా కిందా తెల్లకాగితం పెట్టి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే కాగితం పీల్చేస్తుంది. ఎర్రమైనంలో ఉన్న రంగు మాత్రం అలా పోదు.

గంజి తక్కువ పెట్టండి. అరబకెట్టు నీళ్లకి ఒక గ్లాసు చిక్కటి గంజి వడకట్టి కలిపితే చాలు. డెల్టా పల్లెల్లో డిసెంబరు రాత్రి మంచు కురుస్తుంది. ఫెళఫెళలాడేలా గంజి పెట్టిన చీర బయటికి వెళ్లిన గంటకే ఆ తేమ పీల్చి మెత్తబడి, మడతలన్నీ వాలిపోతాయి. నీలిమందు నాలుగైదు చుక్కలు ముందు చెంబెడు నీళ్లలో కలిపి, తర్వాత బకెట్లో పోయండి. నేరుగా బట్ట మీద పడితే ఆ మచ్చ వదలదు. కోరా చీరకి నీలిమందు అసలు వద్దు. జరీ మీద పల్చటి గుడ్డ పరిచి ఇస్త్రీ చేయండి, సెంటు జరీకి తగలనీయకండి, నల్లబడుతుంది.

చలికి స్వెట్టరు వేస్తే చీర అందం పోతుందని వణుకుతూ కూర్చోవద్దు. మెరూన్ లేదా నల్ల శాలువా ఒకటి భుజాల చుట్టూ వేసుకోండి, తెనాలి వైపు ఆ మాత్రం చాలు. మెదక్ లాంటి చోట్ల రాత్రి చలి ఇంకా గట్టిగా ఉంటుంది. 1924లో క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించిన ఆ పెద్ద చర్చికి తెల్లవారుజామున వెళ్లేవాళ్లు జాకెట్టు లోపల పొడుగు చేతుల బనీను కూడా వేసుకోవాలి. చెప్పులు బయట వదలాలి కాబట్టి సులువుగా విడిచేవే వేసుకోండి.

పాపకి నెట్ గౌను అడుగుతారు, పిల్లలకి ఇష్టం కూడా. నడుము కుట్టు లోపల నెట్ అంచు గీరుకుని పిల్లలు ఏడుస్తారు, ఆ కుట్టు మొత్తానికి మెత్తటి నూలు పట్టీ కుట్టించండి. లైనింగు ఛాతీ నుంచి కింద దాకా నూలుదే ఉండాలి. వీపు మీద పెద్ద బో, పూసలు వద్దు, రాత్రి ఆరాధన సగంలోనే పాప ఎవరి ఒళ్లోనో పడుకుంటుంది, అవి గుచ్చుకుంటాయి. పొడవు చీలమండకి రెండు మూడు అంగుళాలు పైనే ఆపండి, పాటకి స్టేజీ మెట్లెక్కేటప్పుడు తొక్కి పడదు. కింద మూడు అంగుళాలు లోపలికి మడిచి కుడితే వచ్చే ఏడాదికీ వస్తుంది. చేతికి నిజం కొవ్వొత్తి ఇవ్వకండి, బ్యాటరీది ఇవ్వండి. క్రిస్మస్ తాత వేషం వేసేవాళ్లకీ ఇదే మాట, దూది గడ్డం క్షణంలో అంటుకుంటుంది.

మీ వారికి తెల్లచొక్కా చాలు. 58 అంగుళాల పన్నా (వెడల్పు) బట్టయితే ఫుల్‌హ్యాండ్స్‌కి 1.6 మీటర్లు. లినెన్ నేల మీద కూర్చుని లేచేసరికి నలిగిపోతుంది, నూలు నయం.

ఉదయం ఆరాధన అయ్యాక భోజనాలకి తెల్లచీరతో వడ్డించకండి. ముదురు రంగు చీర ఒకటి సిద్ధంగా పెట్టుకుని మార్చుకోండి. ఈలోపే పసుపు మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, భయపడకండి. జాడించి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. ఈ ఒక్క మరకకే జరీ చీరని ఎండలో వేయడం, అదీ జరీ మీద గుడ్డ కప్పి.

31 రాత్రి ఆరాధనకి ఇంకో జత కొనాలని అందరూ అంటారు. మెరూన్ జాకెట్టు కుట్టిస్తే దాని మీదకే మీ దగ్గరున్న పోచంపల్లి చీర ఏదైనా కట్టుకోవచ్చు, కొత్తది అక్కర్లేదు. చీర కొన్నాక అంచు ఎన్ని అంగుళాలుందో ఇక్కడ రాయండి, చేతులకి అంచు ఎంత పెట్టించాలో, వెనక మెడ ఎంత లోతు తీయాలో చెబుతాను.