టేబుల్ లేదంటే అప్పుడే నమ్మొద్దు అల్లుడూ

కడప, ఆదివారం

అల్లుడూ,

రాత్రి ఫోన్లో నీ గొంతు విని, అక్కకు ఒంట్లో బాగా లేదేమో అని భయపడ్డా. తీరా చూస్తే నీ క్వెరీకి ఒరాకిల్ డేటాబేస్ ఇచ్చిన ఓఆర్ఏ-00942 అనే ఎర్రర్ అంట! దాంతో నేను ఇరవై ఏళ్లు కాపురం చేశాను. తొందరలో సగమే చెప్పగలిగా, మిగతాది రాస్తున్నా.

'టేబుల్ గానీ వ్యూ (టేబుల్ లాగే వాడుకునే, దాచిపెట్టిన క్వెరీ) గానీ లేదు' అని ఒరాకిల్ అంటే, ఆ పేరుతో, అక్కడ, నీకు కనబడలేదని మాత్రమే. మన వైపు కొత్తపల్లికి దారి అడిగితే ఏ మండలం కొత్తపల్లి అని ఎదురు అడుగుతారు. ఒరాకిల్ అట్లా అడగదు. నువ్వు లాగిన్ అయిన స్కీమాలో, అంటే ఆ యూజర్ పేరు కింద ఉన్న టేబుళ్లూ వగైరాల్లో చూస్తుంది, దొరక్కపోతే పబ్లిక్ సినానిమ్, అంటే అందరికీ పనికొచ్చే మారుపేరు ఉందేమో చూస్తుంది, అదీ లేకుంటే చేతులెత్తేస్తుంది. అందుకని ముందు నువ్వు ఏ డేటాబేస్‌లో, ఏ యూజర్‌తో ఉన్నావో చూసుకో. టెస్టు, లైవ్ విండోలు పక్కపక్కన తెరుచుకుని ఒకదాని బదులు ఇంకోదాంట్లో కొట్టడం నాకూ అలవాటే. చాలాసార్లు సమస్య అక్కడే తేలిపోతుంది.

తేలకపోతే ఆల్_ఆబ్జెక్ట్స్‌లో వెతుకు, నీకు చూసే హక్కున్నవన్నీ ఒరాకిల్ అందులో చూపిస్తుంది. పేరును రెండు వైపులా పెద్దక్షరాల్లోకి మార్చి పోల్చు, ఓనర్ కాలమ్ కూడా తీయి. అక్కడ లేకపోతే మీ డీబీఏను, అంటే డేటాబేస్ చూసుకునే ఆయన్ను, డేటాబేస్‌లో ఉన్నవన్నీ చూపించే డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో చూడమను. ఆయనకు కనబడి నీకు కనబడలేదంటే టేబుల్ ఉన్నట్టే, నీకు పర్మిషన్ లేదు. దానికీ ఇదే 00942 వస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అదే సెలెక్టు క్వెరీ విండోలో కొడితే నడిచేది, ప్రొసీజర్‌లో, అంటే డేటాబేస్‌లోనే దాచిపెట్టిన ప్రోగ్రాంలో పెడితే లేదనేది. రోల్ (పర్మిషన్లన్నీ ఒక మూటగా కట్టి ఇచ్చేది) ద్వారా వచ్చిన పర్మిషన్ మామూలు ప్రొసీజర్ లోపల చెల్లదు. ప్రొసీజర్ ఓనర్‌కు నేరుగా గ్రాంట్ (పర్మిషన్) ఇవ్వాలి. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో!

ఇక నేను చేసిన తప్పు. తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి సపోర్టు చేసేవాణ్ణి. స్లాబ్ స్టాక్ టేబుల్ లేదని ఎర్రర్. గేటు దగ్గర లారీ ఆగిపోయింది, మేనేజర్ నిమిషానికోసారి ఫోను. లేదంటోంది కదా అని అదే పేరుతో కొత్త టేబుల్ చేసిపెట్టా. లారీ వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత స్టాక్ లెక్క కుదరలేదు. అప్పుడు డిక్షనరీలో, అంటే ఆల్_ఆబ్జెక్ట్స్ లాంటి ఒరాకిల్ సొంత జాబితాల్లో చూస్తే పక్కపక్కనే రెండు పేర్లు. ఒకటి మొత్తం పెద్దక్షరాలు. ఇంకోదాంట్లో ఎస్‌లు రెండే పెద్దవి, మిగతావి చిన్నవి. ఎవరో ఎక్సెల్ నుంచి ఎక్కించేటప్పుడు ఆ టూల్ పేరుకు డబుల్ కోట్స్ పెట్టింది. కోట్స్ లేకపోతే ఒరాకిల్ అన్నింటినీ పెద్దక్షరాలు చేసుకుంటుంది, ఉంటే ఉన్నదున్నట్టు దాచుకుంటుంది. పాత స్టాక్ ఒకదాంట్లో, రెండు రోజుల డిస్పాచ్ ఇంకోదాంట్లో. ఆ స్లిప్పులన్నీ ముందేసుకుని గుమాస్తా చదువుతుంటే నేను ఒక్కొక్కటే టిక్కు పెట్టుకున్నా. నీకా గతి పట్టకూడదు. కంగారులో క్రియేట్ కొట్టొద్దు.

పేరు పొడవెక్కువైతే ఓఆర్ఏ-00972 ఎర్రర్ వస్తుంది. పాత ఒరాకిల్ వెర్షన్లలో 30 బైట్లే, 12.2 నుంచి 128. మీ టెస్టు సర్వర్ కొత్తది, క్లయింటుది పాతది అయితే పొడుగు పేర్లకు ఇది తప్పదు. 00955 వస్తే ఆ పేరు ఇప్పటికే వేరేదానికి ఉందని. అది టేబులే అనుకోవద్దు, వ్యూ కావచ్చు, వరస నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ కావచ్చు.

పేరు మార్చాల్సి వస్తే పాత పేరును ఒకేసారి తీసెయ్యొద్దు. మన కడప ఇంగ్లిషు స్పెల్లింగు 2005లో సి నుంచి కె కి మారింది. నాపరాళ్ల వ్యాపారులు మాత్రం ఇప్పటికీ బిల్లుల్లో పాత స్పెల్లింగే వేస్తారు. రిపోర్టులూ అంతే, ఎవరు ఎక్కడ పాత పేరు రాసుకున్నారో తెలియదు. డేటాబేస్‌లో ఏది దేనిమీద ఆధారపడిందో చూపించే డీబీఏ_డిపెండెన్సీస్ కొంత చెబుతుంది గానీ, అప్లికేషన్ కోడ్‌లో ఉన్నవి దానికి కనబడవు. అందుకని కొత్త పేరు పెట్టి, పాత పేరుతో సినానిమ్ ఇచ్చి, కొన్నాళ్లు చూడు.

రేపు ఆఫీసుకు పోగానే ఆ ఆల్_ఆబ్జెక్ట్స్ క్వెరీ కొట్టి స్క్రీన్‌షాట్ పంపు. ఓనర్ కాలమ్ కోసుకుపోకుండా తీయి, పోయినసారి అదే లేదు. పది దాటితే నేను బ్యాంకు పనిమీద ఉంటా, ఆ లోపలే చెయ్యి.

మీ మామ