పుట్టని మనువును హిమాలయాలకు పంపినవాళ్లం

ఈ నెల ఉత్తరాల్లో మూడింటిది ఒకే బాధ. పుస్తకం అట్ట మీద ఉన్న పేరే కథానాయకుడిదని నమ్మి ఎక్కడో ఒకచోట దెబ్బతిన్నవారు రాసినవి అవి. మూడింటినీ పక్కపక్కన పెట్టి జవాబిస్తున్నాను. మొదటిదానికి చోటు ఎక్కువ పోయింది. ఆ దెబ్బ నేనూ తిన్నాను కాబట్టి ఓర్చుకోండి.

ప్రశ్న: బడిలో ప్రవరుడి పాఠం చదువుకున్నాను. పాఠం కింద 'మనుచరిత్ర నుండి' అని ఉండేది. అందుకని ప్రవరుడికే మనువు అని ఇంకో పేరు ఉందని నలభై ఏళ్లుగా అనుకుంటూ వచ్చాను. సంక్రాంతికి వచ్చిన అల్లుడుగారి ముందు మాటల్లో ఆ సంగతి అన్నాను. ఆయన గారె పక్కన పెట్టి మరీ నవ్వారు. "మామయ్యగారూ, మనువు వేరే ఆయన" అన్నారు. ఎవరని అడగడానికి నాకు మనసొప్పలేదు. ఇంతకీ ఆ మనువు ఎవరు? కథలో లేని మనిషి పేరు పుస్తకానికి ఎందుకు పెట్టారు?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి

జవాబు: ముందుగా మీకు తోడు ఉన్నానని చెప్పనివ్వండి. డిగ్రీ రెండో ఏడు పరీక్షలో నేను "మనువు పాదలేపం పూసుకుని హిమాలయాలకు వెళ్లెను" అని రాశాను. మా మాస్టారు ఎర్ర సిరాతో దాని పక్కన, "అమ్మాయీ, ఇంకా పుట్టనివాడిని కొండ ఎలా ఎక్కించావు?" అని రాశారు. ఆ కాగితం చాలా కాలం దాచుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్లు నేనూ తెలుగు పాఠాలే చెప్పాను, ఏటా ఇద్దరో ముగ్గురో పిల్లలు మనువును కొండెక్కిస్తూనే వచ్చారు. నేను మాత్రం ఎర్ర సిరా వాడలేదు.

తప్పు మీది కాదు, పాఠ్యపుస్తకాలది. ఆరు ఆశ్వాసాల (అంటే అధ్యాయాల) ప్రబంధంలో మొదటి రెండింటి నుంచి పది పద్యాలు కోసి, కింద మొత్తం పుస్తకం పేరు అతికిస్తారు. పిల్లవాడు చూసేది ఒక మనిషిని, చదివేది ఒక పేరును. రెండూ కలిపేసుకోక ఏం చేస్తాడు? నిజానికి ప్రవరుడు తన పేరు తానే చెప్పుకున్నాడు. "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ" అని మనమందరం కంఠస్థం చేసిన పద్యంలోనే, రెండో పాదంలో, "భూసురుఁడ నేఁ బ్రవరాఖ్యుఁడఁ ద్రోవ తప్పితిన్" అంటాడు. దారి తప్పినవాడు ఊరూ పేరూ తెలియని స్త్రీకి తన పేరు చెప్పి దారి అడుగుతుంటే, మనం మాత్రం ఆయనకు ఇంకో పేరు పెట్టాం. (ఇందులో మరో చిన్న తమాషా ఉంది. ఆఖ్య అంటే పేరు. ప్రవరాఖ్యుడు అంటే ప్రవరుడనే పేరు గలవాడు, అంతే. కానీ ఆయన పేరే 'ప్రవరాఖ్యుడు' అనుకునేవాళ్లు మీకంటే ఎక్కువమంది ఉన్నారు.)

ఇక పెళ్లి పీటల మీద ప్రవర చెప్పినట్టు మనువు వంశక్రమం చెబుతాను. ఓపికగా వినండి, అల్లుడుగారికి అప్పజెప్పడానికి పనికొస్తుంది.

అరుణాస్పదపురంలో ప్రవరుడు ఉన్నాడు. నిత్యాగ్నిహోత్రం చేసే గృహస్థు, అందగాడు. ఊరు కదలడు గానీ యాత్రికులు వస్తే కూర్చోబెట్టి తీర్థాల కబుర్లు అడుగుతాడు. ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయాలు చూడబోతాడు. పసరు మంచులో కరిగిపోతుంది. అక్కడ వరూధిని అనే అప్సరస ఆయన్ని చూసి మనసు పడుతుంది. ఈయన ఒప్పుకోడు, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరతాడు. ఇక్కడికి మన బడి పాఠం అయిపోయింది. రెండో ఆశ్వాసం దాటాక ప్రవరుడు మళ్లీ కనిపించడు. ఆయన మనువూ కాదు, మనువు తండ్రీ కాదు, తాత కూడా కాదు.

తాత వేరే ఉన్నాడు. వరూధినిని అంతకుముందు ప్రేమించి కాదనిపించుకున్న గంధర్వుడు ఒకడు ప్రవరుడి రూపు వేసుకుని వస్తాడు. మన పండితులు మాయాప్రవరుడు అనేది వీడినే. ఆమె నిజమైన ప్రవరుడే మనసు మార్చుకుని వచ్చాడని నమ్ముతుంది. వారికి పుట్టినవాడు స్వరోచి, అంటే తన కాంతితో తానే వెలిగేవాడు. మిగిలిన పుస్తకంలో ఎక్కువ భాగం ఈ స్వరోచిదే. వేటలు, ఒక శాపగ్రస్త రాక్షసుడు, మనోరమ, విభావరి, కళావతి అనే ముగ్గురు భార్యలు, వారిలో ఇద్దరి జబ్బులకు వైద్యం, జంతువుల భాష నేర్చుకోవడం, అన్నీ ఉన్నాయి. చివరికి ఒక లేడి తనను కౌగిలించుకొమ్మని అతన్ని అడుగుతుంది, కౌగిలించిన క్షణాన వనదేవతగా మారుతుంది. వారి కొడుకు మనువు. స్వరోచి కొడుకు కాబట్టి స్వారోచిష మనువు. మానవులకు మూలపురుషులని చెప్పే పద్నాలుగురు మనువుల్లో రెండోవాడు. (మనమున్నది ఏడోవాడైన వైవస్వతుడి కాలంలో.) ఆయన ఆరో ఆశ్వాసం చివర పుడతాడు, పుట్టాక పుస్తకం ఎంతోసేపు సాగదు.

మరి ఆయన పేరెందుకంటారా? అది రాజుగారి కోరిక. శ్రీకృష్ణదేవరాయలు ఈ కావ్యం రాసిన అల్లసాని పెద్దనను పిలిచి ఏ కథ రాయమన్నారో పీఠికలోనే ఉంది: "మనువులలో స్వారోచిష మనుసంభవ మరయ" అని మొదలయ్యే కంద పద్యం. పెద్దన పెట్టిన అసలు పేరు 'స్వారోచిష మనుసంభవము'. మనుచరిత్ర అన్నది వాడుకలో నిలిచిన పొట్టి పేరు. ఈ పొట్టి పేరే మనల్ని ముంచింది. 'సంభవం' అంటే పుట్టుక. పుట్టుక కథలో పుట్టబోయేవాడు చివర రావడంలో వింతేమీ లేదు. దాన్ని 'చరిత్ర' అనేసరికి మొదటి పద్యం నుంచీ ఆయన కోసం వెతుకుతాం. కాళిదాసు 'కుమారసంభవం' చూడండి. కాళిదాసువని అందరూ ఒప్పుకునే ఎనిమిది సర్గల్లో కుమారస్వామి పుట్టనే పుట్టడు. పార్వతి తపస్సు చేస్తుంది, పెళ్లవుతుంది, పుస్తకం ఆగిపోతుంది. దాన్ని ఎవరైనా 'కుమార చరిత్ర' అని ఉంటే మనలాంటివాళ్లు ఇంకెందరో ఉండేవారు.

అడిగిన రాజుగారు తక్కువేమీ తినలేదు. 'ఆముక్తమాల్యద' అంటే తాను ధరించి విడిచిన మాలను దేవుడికి ఇచ్చినది, గోదాదేవి. ఆమె అయిదో ఆశ్వాసంలో గానీ రాదు. అంతవరకు విష్ణుచిత్తుడు, ఖాండిక్య కేశిధ్వజులు, యామునాచార్యులు. ఆ కావ్యానికి విష్ణుచిత్తీయం అని రెండో పేరు ఉండడం ఊరికే కాదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో కళాపూర్ణుడి కోసం ఎదురుచూసే పాఠకుడికి కూడా చాలా దూరం నడక ఉంది. ఆ దారి అంతా కలభాషిణి, మణికంధరులదే.

కథానాయకుడు ప్రవరుడా, స్వరోచా అని పండితులు తెగ వాదించుకున్నారు. నన్ను అడిగితే ఇద్దరూ కాదంటాను. ప్రవరుడి కథనూ స్వరోచి కథనూ కలిపి పట్టుకున్న మనిషి వరూధిని ఒక్కతే. ఆమెను తీసేస్తే రెండు వేరు వేరు పుస్తకాలు మిగులుతాయి. మా కాలేజీలో ఈ మాట అన్నందుకు ఒక సీనియర్ లెక్చరర్ వారం రోజులు నాతో టీ తాగలేదు.

ఇకపోతే అల్లుడుగారి సంగతి. ఈసారి ఆయన వచ్చినప్పుడు స్వరోచి ముగ్గురు భార్యల పేర్లు వరసగా అడగండి. గారెలు వడ్డించాకే అడగండి.

ప్రశ్న: నేను అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అచ్చుతప్పులను మేము ముద్రారాక్షసాలు అంటాం. ఆ పేరుతో సంస్కృతంలో నాటకం ఉందని ఈమధ్యే తెలిసింది. అందులో రాక్షసుడు ఎవరు? చివరికి ఎవరు చంపుతారు?
— ప్రూఫ్ రీడర్, వరంగల్

జవాబు: ఎవరూ చంపరు. ఎందుకంటే ఆయన రాక్షసుడు కాదు. విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం'లో రాక్షసుడు అన్నది ఒక మంత్రి పేరు. నందరాజుల మంత్రి. కోరలూ లేవు, కొమ్ములూ లేవు. పైగా నాటకంలో ఆయనంత నమ్మకమైన మనిషి ఇంకొకరు కనబడరు. నందులు పోయినా వారి పగ తీర్చాలని చూస్తుంటాడు. చాణక్యుడికి అదే నచ్చింది. ఇలాంటివాడు చంద్రగుప్తుడికి మంత్రిగా ఉండాలి, కాబట్టి చంపకుండా పట్టుకోవాలి. ఏడు అంకాల నాటకమంతా ఈ పట్టుకోవడమే. దీన్ని రాముడు రావణుణ్ణి చంపినట్టు ఊహించుకుని కూర్చున్న ప్రేక్షకుడికి ఎంత నిరాశ!

ముద్ర అంటే ఇక్కడ ముద్ర ఉంగరం. రాక్షసుడు తన భార్యాబిడ్డలను చందనదాసు అనే రత్నాల వర్తకుడి ఇంట్లో దాచి వెళతాడు. చాణక్యుడి గూఢచారి ఆ ఇంట్లో పాట పాడుతుండగా అయిదేళ్ల పిల్లవాడు చూడడానికి బయటికి పరుగెత్తుకొస్తాడు. తల్లి చేయి చాచి వాణ్ణి లోపలికి లాగుతుంది. ఆ లాగడంలో ఆమె వేలికి ఉన్న మొగవాడి ఉంగరం జారి, దొర్లి, గూఢచారి కాళ్ల దగ్గర ఆగుతుంది. దాని మీద రాక్షసుడి పేరు ఉంది. ఇక చాణక్యుడికి ఇంకేం కావాలి? ఒక ఉత్తరం రాయించి ఆ ముద్ర వేయిస్తాడు. రాక్షసుడి పక్షమంతా ఆ ఒక్క ఉత్తరంతో విరిగిపోతుంది. చివరకు తనకోసం వధ్యస్థలానికి వెళుతున్న చందనదాసు ప్రాణం కాపాడడానికి రాక్షసుడు తానే వచ్చి లొంగిపోయి, చంద్రగుప్తుడికి మంత్రి అవుతాడు.

కాబట్టి పేరుకు అర్థం 'ముద్రతో చిక్కిన రాక్షసుడు' అని. ఆయన పేరు అట్ట మీద ఉంది గానీ తాళ్లన్నీ చాణక్యుడి చేతిలో ఉన్నాయి. అచ్చు వచ్చాక ముద్ర అంటే ముద్రణ కూడా అయింది. అక్షరాల్లో దూరి పాడుచేసేవాడు రాక్షసుడే కదా అని ఎవరో రసికుడు ఈ నాటకం పేరును మీ ప్రెస్సుకు తెచ్చాడు. చమత్కారం బాగుంది, కానీ పాపం ఆ మంత్రికి అన్యాయం జరిగింది. ఒక్క ఉంగరం పోగొట్టుకున్నందుకు ప్రతి అచ్చుతప్పుకూ ఆయన పేరే పెడుతున్నాం. వృత్తిరీత్యా ఒక మాట చెబుతాను, కోపం వద్దు: మీ ఉత్తరంలో 'నాటకం' రెండుచోట్ల 'నాటంక' అయింది.

ప్రశ్న: ఫ్రాంకెన్‌స్టైన్ అంటే భూతం పేరని నేను, దాన్ని తయారుచేసిన డాక్టరు పేరని మా స్నేహితుడు పందెం కాశాం. ఎవరు గెలిచారు?
— ఇంటర్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: పందెం సొమ్ము ముప్పాతిక మీ స్నేహితుడికి ఇవ్వండి, పాతిక దగ్గరే ఉంచుకోండి. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది ఆ ప్రాణిని చేసిన విక్టర్ ఇంటిపేరు. అంతవరకు ఆయన గెలిచాడు. కానీ నవలలో విక్టర్ డాక్టరు కాడు, ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో చదువుకునే కుర్రవాడు. డాక్టరు పట్టా తర్వాత సినిమాలవాళ్లు ఇచ్చింది.

ఆ ప్రాణికి పేరే లేదు. కన్నతండ్రి లాంటివాడు పేరు కూడా పెట్టకుండా పారిపోయాడు, దాని ఏడుపు సగం అదే. 1823లో లండన్‌లో దాన్ని నాటకంగా ఆడినప్పుడు కరపత్రంలో ఆ పాత్ర పేరు ఉండాల్సిన చోట ఒక గీత మాత్రం గీసి వదిలేశారు. మేరీ షెల్లీ ఆ నాటకం చూసింది, ఆ గీత ఆమెకు నచ్చింది కూడా. 1931 నాటి హాలీవుడ్ సినిమా మొదట్లో ఆ వేషధారి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం వేశారు. ఇంత జాగ్రత్తపడినా జనం ఊరుకోలేదు. పేరు లేని బిడ్డకు ఇంటిపేరైనా దక్కనీ అనుకున్నారేమో, తండ్రిదే తగిలించారు.

పరీక్షలో అడిగితే విక్టర్ అని రాయండి. పక్కన 'డాక్టర్' అని మాత్రం రాయకండి, దిద్దేది మా మాస్టారి లాంటి వాళ్లయితే ఎర్ర సిరా బయటికి వస్తుంది.