రంగు వేసే ముందు ఒక్కసారి చదువు

చిన్నీ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు కడుతున్న స్పిట్‌ఫైర్ బొమ్మ విమానం, అదే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ మోడల్, ఫొటోలు రాత్రి రెండుసార్లు చూశాను. రెక్క, బాడీ కలిసే చోట అతుకు ఎంత బాగా సాపు చేశావమ్మా! ఆదివారం ఒక్కరోజులో రంగు పని మొత్తం ముగించేస్తానన్నావు కదా, అందుకే ఈ ఉత్తరం. ఆ తొందర వద్దు. కనీసం వారం పెట్టుకో. ప్రతి పొరకీ ఆరే టైమ్ ఇస్తే సగం తప్పులు అసలు జరగవు.

ముందు మోడల్‌ని గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడుగు. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డూ, నీ వేళ్ల జిడ్డూ పోవాలి. బాగా ఆరాక గ్రే ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, పల్చగా కొట్టు. అప్పటిదాకా కంటికి ఆనని గీతలన్నీ ప్రైమర్ పడ్డాకే బయటపడతాయి. అప్పుడే రుద్ది సరిచేసుకో.

నీది స్పిట్‌ఫైర్‌లో మార్క్ 5 రకం, దానికి 1941 ఆగస్టు నుంచి వచ్చిన రంగులే వేస్తున్నావు: పైన డార్క్ గ్రీన్, ఓషన్ గ్రే, కింద మీడియం సీ గ్రే. సీసాలో రంగు ఉన్నదున్నట్టు కొట్టెయ్యకు. నీది 1/72 మోడల్, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజు. దాన్ని అడుగు దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 72 అడుగుల నుంచి చూసినట్టు. అంత దూరంలో ఏ రంగైనా కాస్త లేతగా కనబడుతుంది. అందుకని గ్రీన్‌లో రెండు మూడు చుక్కలు లేత గ్రే కలుపు. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కప్పులో రంగు పాలలా ఉండాలి. కప్పు గోడకి తాకిస్తే కిందికి జారిపోయి, పల్చటి పొర మాత్రం మిగలాలి. గాలి ప్రెషర్ మీటరు మీద 15 పీఎస్ఐ చాలు. మొదటి పొర పడ్డాక ప్రైమర్ ఇంకా కనబడుతూనే ఉంటుంది. కంగారుపడి అక్కడే ఇంకాస్త కొడితే రంగు కారిపోతుంది. పక్కన పెట్టి కాసేపాగి రా.

కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ మాస్క్ పెట్టుకునే ఈ పని చెయ్యి. గుడ్డ మాస్క్ థిన్నర్ (రంగు పల్చన చేసే ద్రవం) ఆవిరిని ఆపదు. ఈ విషయంలో మాత్రం నా మాట కాదనకు.

రంగు ఆరాక గ్లాస్ కోట్, అంటే నున్నగా మెరిసే పారదర్శక పూత, తప్పకుండా వెయ్యాలి. గరుకు రంగు మీద డెకాల్ (గుర్తులు, అంకెల స్టిక్కర్) పెడితే కింద గాలి చిక్కుకుని, అంచుల దగ్గర వెండి పొరలా మెరుస్తుంది. ఎంత మంచి పెయింటింగైనా అక్కడే తేలిపోతుంది. డెకాల్‌ని మెత్తబరిచే సెట్టింగ్ సొల్యూషన్ పూశాక డెకాల్ ముడతలు పడుతుంది, భయపడకు, వేలు పెట్టకు. ఆరేసరికి అదే సాపవుతుంది.

గ్లాస్ కోట్ వల్ల ఇంకో ఉపయోగం ఉంది. చాలా ఏళ్ల కిందట నేను ఎనామెల్ రంగు వేసి, పైన ఏ పొరా లేకుండానే ఎనామెల్ వాష్ (గీతల్లోకి దిగే బాగా పల్చటి రంగు) పెట్టాను. తుడుస్తుంటే ఇయర్‌బడ్‌కి ఆకుపచ్చ రంగు అంటుకొచ్చింది, రెక్క మీద ప్రైమర్ కనబడింది. మూడు వారాల పని పోయింది. నువ్వు యాక్రిలిక్ రంగు, యాక్రిలిక్ గ్లాస్ కోట్ వాడి, వాష్ మాత్రం ఆయిల్ పెయింట్‌ని వైట్ స్పిరిట్‌లో కలిపి పెట్టు. అది కింది పొరని కరిగించదు. బ్రష్ కొనని ప్యానెల్ గీతకి (రేకుల అతుకు గీతకి) ఆనిస్తే చాలు, వాష్ గీత వెంట దానంతటదే పరిగెడుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఓ అరగంట ఆగి, గాలి వీచే దిశలోనే తుడువు: బాడీ మీద ముక్కు నుంచి తోకకి, రెక్క మీద ముందు అంచు నుంచి వెనక అంచుకి. అడ్డంగా తుడిచావా, ఆ చారలు తప్పుగా కనబడతాయి. నల్లటి వాష్‌తో ప్రతి గీతా నింపకు, విమానం గళ్ల చొక్కాలా తయారవుతుంది. కదిలే భాగాల దగ్గర ముదురు బ్రౌన్, మిగతా చోట్ల గ్రే చాలు.

ఇక నీకు బాగా ఇష్టమైన వెదరింగ్, అంటే వాడి పాతబడ్డట్టు కనబడేలా చెయ్యడం. ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. ఇక్కడ ఎవరు కాలు పెట్టారు, ఏం కారింది, ఏం కాలింది అని అడిగి, జవాబు దొరికితేనే బ్రష్ పెట్టు. స్పిట్‌ఫైర్‌లో పైలట్ ఎక్కే చిన్న తలుపు ఎడమవైపు ఉంటుంది. అందుకని ఎడమ రెక్క మొదట్లో రంగు ఎక్కువ అరుగుతుంది. రెండు వైపులా సమానంగా అరగదీస్తే నమ్మబుద్ధి కాదు. ఇంజన్ మూతల అంచులూ అరుగుతాయి, మెకానిక్‌లు రోజూ విప్పేవి కదా. రడ్డర్ (తోక వెనక అటూ ఇటూ కదిలే నిలువు పలక) మీద మాత్రం లోహం మెరిసే గీత ఒక్కటి కూడా పెట్టకు, అది గుడ్డతో కప్పిన భాగం.

రంగు పెచ్చులూడినట్టు చూపే చిప్పింగ్‌కి, మొన చెక్కిన సిల్వర్ పెన్సిల్ చాలు. ఒక లెక్క గుర్తుంచుకో: నీ మోడల్ మీద ఒక మిల్లీమీటరు మచ్చ అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్ల పైన అవుతుంది. అంత పెచ్చు ఊడిన చోట్లు ఎన్ని ఉంటాయి చెప్పు? చుక్క కాదు, చుక్కలో చుక్క పెట్టాలి.

ఎగ్జాస్ట్ మసికి బాగా పల్చబరిచిన నలుపు-బ్రౌన్ రంగుని తక్కువ ప్రెషర్‌లో కొట్టు. గొట్టాల దగ్గర మొదలై, వెనక్కి రెక్క మొదలు మీదుగా పోయేకొద్దీ పల్చనవ్వాలి. మొదటిసారికి ఏమీ పడనట్టే ఉంటుంది. నాలుగైదు సార్లు తిప్పాక కనబడుతుంది. అక్కడే ఆపెయ్. దుమ్ము, తేమ పోకుండా తుపాకి కన్నాల మీద అంటించే గుడ్డ ముక్కలున్నాయే, అవి చిరగనట్టు ఎర్రగా వేశావంటే ఆ వెనక దట్టంగా మసి పూయకు. కాల్చని తుపాకికి అంత పొగ ఎక్కడిది?

చివరికి మ్యాట్ కోట్, మెరుపు తగ్గించే పారదర్శక పూత. తేమ ఎక్కువగా ఉన్న రోజు కొట్టకు, తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. దుమ్ము, మసి చూపే రంగు పౌడర్లు వాడితే మ్యాట్ తర్వాతే వాడు, లేకపోతే సగం కనబడకుండా పోతాయి.

మర్నాడు కానోపీ (పైలట్ పైన ఉండే అద్దం మూత) మీద, రంగు పడకుండా అంటించిన టేపు తియ్యి. ముందు బ్లేడు మొనతో అంచు వెంట మెల్లగా ఒక గీత పెట్టు, రంగు పొర తెగాలి. తర్వాత టేపుని పైకి లాగకుండా, దాని మీదికే వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా పీకు. అద్దం తళతళా బయటపడగానే నాకో ఫొటో తియ్యి, ఎడమవైపు నుంచి.

మీ మావయ్య