డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు తీసేస్తే చాలా, ఫిల్టర్ కూడా మార్చాలా?

రెండూ చేయాల్సిందే, నీళ్లు తీశాం కదా అని ఫిల్టర్ మార్చడం మానేయడానికి లేదు.

నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీళ్లను వేరుచేసే భాగం) అడుగున చేరతాయి. అక్కడున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే బయటికొచ్చేస్తాయి. కానీ ఫిల్టర్ కాగితం మడతల్లో ఇరుక్కున్న మట్టి, తుప్పు అలా రావు. కామన్ రైల్ ఇంజన్లలో (ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందేవి) పంపు డీజిల్‌ను 1,000 బార్‌కు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లకు, అంటే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలకు, పంపుతుంది. ఆ పంపుకీ ఇంజెక్టర్లకీ డీజిలే కందెన. మధ్యలో నీళ్లు చేరితే అవి అరిగిపోతాయి, తుప్పు పడతాయి. వాటి ఖర్చు ముందు ఫిల్టర్ ధర ఏపాటిది!

సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన క్యారవాన్‌నే తీసుకోండి. పగటి వేడికి, రాత్రి చలికి ట్యాంకు ఖాళీ భాగంలోని తేమ గోడలకు పట్టి నీళ్లై కారుతుంది. మళ్లీ రోడ్డెక్కించే ముందు ఇంజన్ ఆపి, కింద గాజు సీసా పెట్టి స్క్రూ తిప్పండి. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు, పైన డీజిల్ గీత గీసినట్టు విడిపోతాయి. శుభ్రమైన డీజిల్ వచ్చాక స్క్రూ బిగించి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) ఉంటే నొక్కి, లోపల చేరిన గాలి తీసేయండి.

చాలామంది పొరబడేది ఇక్కడే: పాత ఫిల్టర్‌కు కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ బిగిస్తారు. ఆ దెబ్బకు కాగితం చిరిగితే మట్టి నేరుగా ఇంజెక్టర్లకే పోతుంది. మాన్యువల్‌లో మార్చే గడువు కిలోమీటర్లలోనూ నెలల్లోనూ ఇస్తే, తక్కువ తిరిగే బండికి నెలల లెక్కే చూడాలి.