పాత మండీ ప్రోగ్రాంను తిరగరాస్తుంటే ముందు తేల్చుకోవాల్సినవి

మీరడిగింది ఇది: ఆదోనిలో పత్తి కమీషన్ మండీలకు ఏళ్లుగా నడుస్తున్న వీబీ6 (మైక్రోసాఫ్ట్ పాత భాష విజువల్ బేసిక్ 6) ప్రోగ్రాం, వెనక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్. మొత్తం తిరగరాయాలి, స్క్రీన్లకు రియాక్టా, ఫ్లట్టరా, లేక పనిని చిన్నచిన్న వేరువేరు ప్రోగ్రాములుగా విడగొట్టే మైక్రోసర్వీసులా, ఏది ముందు తేల్చాలి?

వాటిలో ఏదీ కాదు. స్క్రీన్లు దేంతో చేసినా రెండేళ్లకు మార్చుకోవచ్చు. డబ్బు లెక్క, డేటా ఎవరి చేతిలో ఉంటుంది, పేర్లు ఎలా దాస్తారు, ఈ మూడూ ఒకసారి కుదిరాక కదలవు. ఇద్దరు ముగ్గురు చేసే పనికి మైక్రోసర్వీసులు వద్దే వద్దు. ఒకే ప్రోగ్రాం, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలు.

డబ్బుతో మొదలుపెట్టండి. 14 క్వింటాళ్ల 35 కిలోల పత్తి, క్వింటాలు 7,230 రూపాయలు అనుకుందాం. వచ్చేది 1,03,750 రూపాయల 50 పైసలు. రూపాయికి సరిచేయమంటే వీబీ6 రౌండ్ ఫంక్షన్ 1,03,750 ఇస్తుంది. సరిగ్గా సగం ఉన్నప్పుడు అది సరిసంఖ్య వైపు పోతుంది. అదే వీబీ6లో ఫార్మాట్ ఫంక్షన్ వాడితే 1,03,751. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ టైపు (దశాంశాలను కచ్చితంగా దాచేది) మీద రౌండ్ కూడా 1,03,751 అంటుంది. అంటే పాత ప్రోగ్రాంలోనే లెడ్జర్‌లో ఒకటి, ప్రింటులో ఒకటి ఉండి ఉండొచ్చు. గుమాస్తా రూపాయి తేడాను వదలడు, వదలకూడదు కూడా. కాబట్టి పాత కోడ్‌లో ఈ ఫంక్షన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి రాసిపెట్టుకోండి. కొత్తదాంట్లో డబ్బు పైసల్లో, తూకం గ్రాముల్లో, రెండూ పూర్ణసంఖ్యలుగా దాచండి. సరిచేసే పని ఒక్క ఫంక్షన్‌లోనే జరగాలి. పోయిన ఏడాది బిల్లులన్నీ దాంట్లో వేసి పైసతో సహా పోల్చండి. తేడా వచ్చిన బిల్లు పాత తప్పా, మండీ కట్టుబాటా అన్నది మీరు ఊహించొద్దు, మండీవాళ్లనే అడగండి.

రెండోది, అంతా ఒక్కసారే మార్చొద్దు. నెట్‌స్కేప్ వాళ్లు బ్రౌజర్‌ను మొదటినుంచి రాయబూనితే 1997లో వచ్చిన 4 తర్వాత 2000 నవంబరులో 6 బయటికొచ్చింది, మధ్యలో 5 రానేలేదు. మీరు మొదట రిపోర్టులు మాత్రమే కొత్తదాంట్లో ఇవ్వండి. రోజూ రాత్రి పాత ఫైలు నుంచి పోస్ట్‌గ్రెస్‌కు కాపీ చేస్తే సరి. తర్వాత రైతుల, వ్యాపారుల జాబితాలు, చివర్లో బిల్లింగ్. ఏ టేబుల్‌లోనైనా ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే రాయాలి. రెండూ రాస్తే ఏది నిజమో తేల్చడానికే నెలలు పడతాయి. ఈలోగా ఎండీబీ ఫైలు (యాక్సెస్ డేటా ఉండే ఫైలు) సైజు చూస్తుండండి, అది 2 జీబీకి మించి పెరగడం కుదరదు.

బిల్లు నంబరు ఏటా ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంటే దాన్ని ప్రైమరీ కీ (టేబుల్‌లో ఒక్కో వరసను గుర్తుపట్టే ఐడీ) చేయొద్దు. లోపల వేరే ఐడీ పెట్టి, ఆర్థిక సంవత్సరం, బిల్లు నంబరు రెండూ కలిపి యూనిక్ చేయండి, అంటే ఆ జత రెండోసారి రాకూడదు.

పేర్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో ఉంటే యూనికోడ్‌కు మార్చాలి, కానీ పాత కాలమ్‌ను కనీసం ఏడాది ఉంచండి. మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి. ఇంకోటి, ‘కర్నూలు’ మన లెక్కకు మూడక్షరాలు, యూనికోడ్‌లో 7 కోడ్‌పాయింట్లు (అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా ఇచ్చే సంఖ్యలు), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. డాట్ మ్యాట్రిక్స్ బిల్లుకు సరిపోవాలని మూడు కోడ్‌పాయింట్ల దగ్గర కోస్తే ‘కర్’ మిగులుతుంది. కోత గ్రాఫీమ్ లెక్కన, అంటే కంటికి కనిపించే పూర్తి అక్షరం లెక్కన జరగాలి.

బిల్లింగ్ మార్పు పత్తి ముమ్మరంగా వచ్చే నెలల్లో పెట్టుకోకండి. ఏప్రిల్ 1 మంచిది. ఖాతా నిల్వలు కొత్త ఏడాదికి తెచ్చే పని ఎటూ ఆ రోజు ఉంటుంది.