టెక్ సందేహాలు: పాత కారుకు ట్రిప్ కంప్యూటర్ అమర్చుకోవచ్చా?

ప్రశ్న: మాది 2014 నాటి వ్యాగన్ఆర్, కింది వేరియంట్. అందులో మైలేజీ చూపించే సదుపాయం లేదు. చిన్న ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివే పరికరం) కొని తగిలిస్తే ఫోన్‌లోనే ట్రిప్ కంప్యూటర్ వచ్చేస్తుందని మిత్రుడు చెబుతున్నాడు. అది చూపించే అంకెలను నమ్మవచ్చా? (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకు, ఇంజిన్ లోపాలను తానే పసిగట్టే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయింది కాబట్టి, మీ కారులో స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. మెకానిక్ స్కానర్ తగిలించేది దానికే. ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్‌ను అందులో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, టార్క్ లేదా కార్ స్కానర్ వంటి యాప్‌ను జత చేస్తే వేగం, ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) వెంటనే కనిపిస్తాయి. మీది ఐఫోన్ అయితే మాత్రం పాత తరహా బ్లూటూత్ అడాప్టర్లు దానితో పనిచేయవు; వైఫై లేదా బ్లూటూత్ లో ఎనర్జీ రకాన్ని అడిగి తీసుకోండి.

ఇక నమ్మకం సంగతి. వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) స్వయంగా ఇచ్చే విలువలు కాబట్టి వాటిని నమ్మవచ్చు. మైలేజీ అలాంటిది కాదు. ఎంత పెట్రోలు ఖర్చవుతోందో నేరుగా చెప్పే అవకాశం ఓబీడీ ప్రమాణంలో ఉన్నా, పాత కార్లలో చాలావాటి ఈసీయూలు ఆ విలువను బయటకు ఇవ్వవు. అందుకని ఇంజిన్ ఎంత గాలి పీల్చుకుంటోందో చూసి, దానికి ఎంత పెట్రోలు కలిసి ఉండాలో యాప్ లెక్క కట్టుకుంటుంది. ఉదాహరణకు ఇంజిన్ సెకనుకు 8 గ్రాముల గాలి తీసుకుంటోందనుకుందాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి కాబట్టి, ఖర్చయ్యే పెట్రోలు సెకనుకు 0.54 గ్రాములు, అంటే గంటకు సుమారు 2.65 లీటర్లు. అప్పుడు మీరు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే తెర మీద లీటరుకు 22.6 కిలోమీటర్లు అని పడుతుంది.

ఈ లెక్కలో మూడు చోట్ల తేడా వస్తుంది. మొదటిది, మీ కారులోని కె-సిరీస్ ఇంజిన్‌లో గాలిని తూచే సెన్సర్ ఉండదు; ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టంలోని) పీడనం, అక్కడి గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, ఇంజిన్ పరిమాణం ఆధారంగా గాలిని యాప్ అంచనా వేయాలి. అందువల్ల యాప్ సెట్టింగుల్లో ఇంజిన్ పరిమాణాన్ని 998 సీసీ అని తప్పక నింపండి. అక్కడ వేరే అంకె ఉంటే మైలేజీ కూడా ఆ మేరకు తప్పుతుంది. రెండోది, మనం ఇప్పుడు బంకుల్లో పోయించుకుంటున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు గాలి తక్కువ సరిపోతుంది కాబట్టి ఆ మిశ్రమానికి నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. పై ఉదాహరణనే ఈ ఇంధనానికి మళ్లీ లెక్క వేస్తే మైలేజీ 21 దగ్గరికి దిగుతుంది. యాప్‌కు ఈ సంగతి చెప్పకపోతే అది ఉన్నదానికంటే ఎక్కువ మైలేజీ చూపించి మిమ్మల్ని సంతోషపెడుతుంది. మూడోది దీనికి పూర్తిగా విరుద్ధమైనది: గేరులో ఉండగానే యాక్సిలరేటర్ వదిలి ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఈసీయూ ఇంజెక్టర్లను (పెట్రోలు చిమ్మే భాగాలను) మూసేస్తుంది, చుక్క పెట్రోలు కూడా పడదు, అయినా లోపలికి వెళ్లే గాలిని బట్టి యాప్ ఎంతో కొంత ఖర్చు రాస్తూనే ఉంటుంది.

వీటన్నిటికీ ఒకే మందు కాలిబ్రేషన్, అంటే యాప్ లెక్కను అసలు ఖర్చుతో సరిచూసి సరిదిద్దడం. దీన్ని చేయకుండా వదిలేసేవారే ఎక్కువ, కానీ ఈ పరికరానికి విలువ వచ్చేది దీంతోనే. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి దానంతట అది ఆగేవరకు ట్యాంక్ ఫుల్ చేయించి యాప్‌లో ట్రిప్‌ను సున్నా చేయండి. ట్యాంకు చాలావరకు ఖాళీ అయ్యాక అక్కడికే వెళ్లి అలాగే నింపించండి. యాప్ 24 లీటర్లు ఖర్చయిందని చెబుతుంటే బంకులో 26.4 లీటర్లు పట్టిందనుకోండి, సెట్టింగుల్లో ఇంధనానికి సంబంధించిన సవరణను 1.10గా పెట్టాలి. రెండు మూడు ట్యాంకులకు ఇలా చేస్తే సగటు మైలేజీ నమ్మదగిన స్థాయికి వస్తుంది. ఒక ఊరి ప్రయాణంతో మరో ఊరి ప్రయాణాన్ని, ఏసీ వేసిన రోజుతో వేయని రోజును పోల్చుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. క్షణక్షణం మారే అంకెను మాత్రం అంతగా పట్టించుకోనవసరం లేదు.

మరో జాగ్రత్త. ఓబీడీ సాకెట్‌లోని 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. అడాప్టర్ 40 మిల్లీయాంపియర్లు తీసుకున్నా రోజుకు దాదాపు ఒక యాంపియర్-అవర్ పోతుంది. కారును రెండు వారాలు కదపకపోతే 35 యాంపియర్-అవర్ బ్యాటరీలో మూడో వంతుకు పైగా ఖాళీ. కారు ఆపి ఊరెళ్లేటప్పుడు దాన్ని తప్పక పీకేయండి. చవక అడాప్టర్లకు పాస్‌వర్డు సాధారణంగా 1234 లేదా 0000 ఉంటుంది, వైఫై రకాలకు చాలాసార్లు అదీ ఉండదు. జనం మధ్య పార్కు చేసేవారు దాన్ని తగిలించి వదిలేయకపోవడానికి ఇది ఇంకో కారణం.

ప్రశ్న: మా ఇంట్లో 2003 నాటి ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లున్న) జెన్ ఉంది. దానితో ఓబీడీ అడాప్టర్ మాట్లాడటం లేదు. నేను ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని. ఆర్డునోతో (ప్రోగ్రాము రాసుకోగల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో) సొంతంగా చేసుకోవచ్చా? (వరంగల్)

జవాబు: చేసుకోవచ్చు. లెక్క విషయంలో ఇది యాప్ కంటే మెరుగైన పద్ధతి కూడా. ఎంపీగ్వినో అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇలాగే పనిచేస్తుంది: ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో కొలిచి, దాన్ని ఇంజెక్టర్ ప్రవాహ వేగంతో, సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే ఇంధనం తెలుస్తుంది.

అయితే ఆ తీగను నేరుగా ఆర్డునోకు కలపకండి. ఇంజెక్టర్‌కు ఒక వైపు 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, రెండో వైపును ఈసీయూ గ్రౌండ్‌కు లాగి తెరుస్తుంది. వదిలేసిన క్షణంలో కాయిల్ నుంచి పదుల వోల్టుల పోటు వస్తుంది, 5 వోల్టుల పిన్ను దాన్ని తట్టుకోలేదు. పీసీ817 వంటి ఆప్టోకప్లర్‌ను (సంకేతాన్ని వెలుగు ద్వారా అందించి రెండు సర్క్యూట్లనూ వేరుగా ఉంచే భాగాన్ని) 2.2 కిలోఓమ్ రెసిస్టర్‌తో పెట్టి, దాని లోపలి ఎల్‌ఈడీకి ఎదురు దిశలో ఒక 1ఎన్4148 డయోడ్ కలపండి. 12 వోల్టుల తీగకు ఫ్యూజు పెట్టడం మరవద్దు.

ప్రోగ్రాములో ఇంజెక్టర్ ఆలస్యాన్ని తీసేయడం ముఖ్యం. కరెంటు అందాక సూది లేవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. ఐడ్లింగ్‌లో పల్సు 3 మిల్లీసెకన్లే ఉంటే నిజంగా పెట్రోలు పడేది రెండింటిలోనే. మూడూ లెక్కిస్తే ఖర్చు ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. వేగం కోసం స్పీడ్ సెన్సర్ తీగ దొరక్కపోతే ఒక జీపీఎస్ మాడ్యూల్ చాలు. ట్యాంక్ ఫుల్ కాలిబ్రేషన్ దీనికీ తప్పదు.

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 గురించి అడిగినవారికీ ఇక్కడే చెబుతాను. అందులో కొలవడానికి ఇంజెక్టరే లేదు. పెట్రోలు పైపు కోసి ఫ్లో మీటర్ పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. వేడి ఇంజిన్ పక్కన ఒక్క క్లిప్పు వదులైనా మంట లేస్తుంది. ఆ కారుకు పుస్తకంలో రాసుకునే ట్యాంక్ ఫుల్ లెక్కే సరైన ట్రిప్ కంప్యూటర్.

ప్రశ్న: మా పాత స్కోడా కారు మీటరులో ట్రిప్ కంప్యూటర్ దాగి ఉందని, వైపర్ కాడ మారిస్తే వస్తుందని విన్నాను. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో కొన్ని మోడళ్లకు ఇది నిజం. మీటరు అన్ని వేరియంట్లకూ ఒకటే అయి, కింది వేరియంట్‌లో బటన్లున్న కాడ మాత్రమే పెట్టని సందర్భాలున్నాయి. కాడ మార్చాక వీసీడీఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో మీటరు కోడింగ్ మార్చాలి. మార్చే ముందు పాత కోడింగ్ అంకెను ఫొటో తీసి పెట్టుకోండి. కాడ తీయాలంటే ముందు స్టీరింగ్‌ను, దానిలోని ఎయిర్‌బ్యాగ్‌ను విప్పాలి. ఆ భాగాన్ని ఇంట్లో ప్రయత్నించకండి, ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన వర్క్‌షాపుకే అప్పగించండి. కాడ కొనే ముందు మీ మీటరు మీద ఉన్న పార్ట్ నంబరుకు ఈ సదుపాయం ఉందో లేదో అక్కడే చూపించుకోండి.